అమ్మానాన్న జర్మనీ వస్తే ఏ పాత ఊరు చూపించాలి?

ఎర్లాంగెన్‌లో ఉంటున్న ఈ ఆరేళ్లలో తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒకటే. "అమ్మావాళ్లు వస్తున్నారు, ఒక మంచి పాత ఊరు చూపిద్దామనుకుంటున్నాం. రోతెన్‌బుర్గ్ బాగుంటుందా, బాంబెర్గ్ బాగుంటుందా?" మాగ్డెబుర్గ్‌లో ఎంఎస్ చేసే పిల్లలూ అడుగుతారు, మ్యూనిక్‌లో ఉద్యోగాలు చేసుకునే స్నేహితులూ అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెబుతూ వచ్చాను. నేను తిరిగి తిరిగి నేర్చుకున్నది ఇంకొకరికి మొదటిసారే పనికొస్తుందని ఇప్పుడు వివరంగా రాస్తున్నాను.

ముందు నా అనుభవం చెబుతాను. మొదటిసారి అమ్మానాన్న తెనాలి నుంచి వచ్చినప్పుడు ఒకే రోజుకి రెండు ఊళ్లు పెట్టుకున్నాను. పొద్దున రోతెన్‌బుర్గ్, మధ్యాహ్నం నుంచి వుర్జ్‌బుర్గ్. మూడుచోట్ల రైలు మారి రోతెన్‌బుర్గ్ చేరేసరికి పదకొండున్నర అయింది. టూరిస్టు బస్సులన్నీ అప్పటికే వచ్చేశాయి. మార్కెట్ స్క్వేర్‌లో నిలబడడానికి చోటు లేదు. రాళ్లు పరిచిన వీధుల్లో గంటసేపు నడిచేసరికి అమ్మకి మోకాలు పట్టేసింది. ఒక షాపు మెట్టు మీద కూర్చుని, వచ్చేపోయే జనాన్ని కాసేపు చూసి, "ఇది ఊరా, ఎగ్జిబిషనా నాన్నా?" అని అడిగింది. వుర్జ్‌బుర్గ్ వెళ్లనే లేదు, ఇంటికి వచ్చేశాం.

రెండేళ్ల తర్వాత వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు అదే ఊళ్లో ఒక రాత్రి ఉన్నాం. సాయంత్రం ఆరు దాటాక బస్సులు వెళ్లిపోయాయి. వీధులు ఖాళీ అయ్యాయి. మేమున్న సందులో ఒక పెద్దావిడ కిటికీలోంచి వంగి ఎర్ర పూల కుండీలకు నీళ్లు పోస్తోంది. కింద ఒకాయన కుక్కని తిప్పుకుంటూ ఆవిడతో ఏదో మాట్లాడుతున్నాడు. చర్చి గంట మోగితే ఆ చప్పుడు గోడలకి తగిలి తిరిగి వచ్చింది. "ఇక్కడ మనుషులు కాపురాలు ఉంటున్నారే!" అంది అమ్మ. ఊరు అదే, రాళ్లూ అవే. మేమున్న వేళ వేరు.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను ముందు ఒక మాట తిరిగి అడుగుతాను. రాత్రికి అక్కడే ఉంటారా, సాయంత్రానికి తిరిగి వచ్చేస్తారా? ఏ ఊరు ఎంచుకోవాలన్నది సగం దాని మీదే తేలిపోతుంది.

నేను పోల్చేవి ఐదు ఊళ్లు: రోతెన్‌బుర్గ్, న్యూరెంబర్గ్, బాంబెర్గ్, రేగెన్స్‌బుర్గ్, క్వెడ్లిన్‌బుర్గ్. మొదటి నాలుగూ బవేరియా రాష్ట్రంలో ఉన్నాయి, ఐదోది హార్జ్ కొండల అంచున, పాత తూర్పు జర్మనీలో. హైడెల్‌బెర్గ్ ఎందుకు లేదంటే, ఫ్రాంక్‌ఫర్ట్ వైపు ఉన్నవాళ్లు ఎలాగూ మొదట అక్కడికే వెళ్తారు, వెళ్లాలి కూడా. శిథిలమైన కోట, నది మీద పాత వంతెన, 1386లో పెట్టిన యూనివర్సిటీ, అన్నీ ఒక పూటలో హాయిగా చూడొచ్చు. అక్కడ ఎంపిక సమస్య రాదు. డ్రెస్డెన్ పెద్ద నగరం, దానికి రెండు రోజులు విడిగా పెట్టుకోవాల్సిందే.

నిజంగా పాతది ఎంత, మళ్లీ కట్టింది ఎంత

జర్మనీలో ఏ పాత ఊరికి వెళ్లినా 1945 అన్న సంవత్సరం దగ్గర ఒకసారి ఆగాలి. యుద్ధంలో ఆ ఊరికి ఏమైందో తెలియకపోతే చూస్తున్నదేమిటో అర్థం కాదు.

న్యూరెంబర్గ్ సంగతి చూడండి. 1945 జనవరి 2 రాత్రి బాంబులు పడి మధ్యయుగాల నాటి పాత ఊరు దాదాపు తొంభై శాతం నేలమట్టమైంది. ఇప్పుడు మనం చూసే వీధులు పాత వీధుల గీత మీదే మళ్లీ కట్టినవి. కొన్ని ఇళ్లు పాత రూపంలో లేచాయి, చాలావరకు 1950ల నాటి సాదా ఇళ్లే. ఇది తెలియకుండా వెళ్లినవాళ్లు "రోతెన్‌బుర్గ్ అంత అందంగా లేదే" అని నిరాశ పడతారు. తెలిసి వెళ్తే వేరే ఊరు కనిపిస్తుంది. సెయింట్ జేబాల్డ్ చర్చిలో కప్పు కూలిపోయి, ఆకాశం కనిపిస్తున్న నాటి ఫోటోలు పెట్టారు. ఆ ఫోటో చూసి తలెత్తి పైన ఉన్న కమానుల్ని చూశాక నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1509 నుంచి 1528 దాకా ఉన్న ఇల్లు మాత్రం దెబ్బలు తిని కూడా నిలబడింది. ఊరి చుట్టూ ఐదు కిలోమీటర్ల కోటగోడలో చాలా భాగం ఇప్పటికీ ఉంది.

రోతెన్‌బుర్గ్‌ని కాపాడింది పేదరికం. ఒకప్పుడు బాగా బతికిన ఊరే. 1631లో ముప్పై ఏళ్ల యుద్ధంలో శత్రు సైన్యం చేతిలో పడి, ఆ తర్వాత కోలుకోలేదు. కొత్త ఇళ్లు కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోవడంతో పాతవి పాతగానే ఉండిపోయాయి. పంతొమ్మిదో శతాబ్దంలో చిత్రకారులు వచ్చి బొమ్మలు గీయడం మొదలుపెట్టాక ఊరి పేరు బయటికి పాకింది. అయితే 1945 మార్చి 31న ఇక్కడా బాంబులు పడ్డాయి. తూర్పు వైపు దాదాపు నలభై శాతం ఊరు కాలిపోయింది. కోటగోడ ఎక్కి నడుస్తుంటే గోడలో చిన్న చిన్న రాతి పలకలు కనిపిస్తాయి. గోడ తిరిగి కట్టడానికి డబ్బిచ్చినవాళ్ల పేర్లు అవి, ప్రపంచం నలుమూలల నుంచీ. జపాన్ పేర్లు ఎన్నో ఉన్నాయి. మన గుళ్లలో మెట్ల మీద, గచ్చు మీద దాతల పేర్లు చెక్కిస్తాం కదా, అచ్చం అలాగే. నాన్న ఒక్కొక్క పలకా ఆగి చదువుతూ వచ్చారు.

బాంబెర్గ్, రేగెన్స్‌బుర్గ్ ఈ రెండూ చాలావరకు బతికి బయటపడ్డాయి. బాంబెర్గ్ పాత ఊరు 1993లో, రేగెన్స్‌బుర్గ్ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. రేగెన్స్‌బుర్గ్ బయట ఉన్న విమానాల ఫ్యాక్టరీ మీద 1943లో పెద్ద దాడి జరిగింది కానీ పాత ఊరు నిలిచింది. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం దగ్గరికి వచ్చేసినప్పుడు, ఊరిని పోరాటం లేకుండా అప్పగించమని జనం చౌరస్తాలో గుమిగూడారు. వాళ్ల తరఫున మాట్లాడిన యోహాన్ మాయర్ అనే కేథడ్రల్ ఫాదర్‌ని నాజీలు ఆ రాత్రే ఉరి తీశారు. తర్వాత కొద్ది రోజుల్లోనే ఊరు పోరాటం లేకుండా లొంగిపోయింది. ఈ కథ తెలిసి ఆ వీధుల్లో నడిస్తే ఇళ్ల అందం ఒక్కటే కంట్లో ఉండదు.

క్వెడ్లిన్‌బుర్గ్‌ది ఇంకో దారి. యుద్ధం పెద్దగా తాకలేదు కానీ కమ్యూనిస్టు ప్రభుత్వ కాలంలో మరమ్మతులు లేక ఇళ్లు కూలిపోయే స్థితికి వచ్చాయి. కొన్నింటిని పడగొట్టారు కూడా. 1990 తర్వాత ఒక్కో ఇంటినీ నిలబెట్టుకుంటూ వచ్చారు, 1994లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చెక్క చట్రం ఇళ్లు ఇక్కడ వెయ్యికి పైగా ఉన్నాయి. ఒకే వీధిలో ఐదారు శతాబ్దాల ఇళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. పాతదనమే మీకు ముఖ్యమైతే ఈ ఐదింటిలో నా ఓటు దీనికే.

ఈ చెక్క ఇళ్ల గురించి ఒక్క మాట. ముందు దూలాలతో చట్రం నిలబెడతారు. మధ్య ఖాళీల్లో పుల్లలు తడికలా అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తి, పైన సున్నం వేస్తారు. వోర్ట్‌గాసే అనే వీధిలో పద్నాలుగో శతాబ్దపు ఇల్లు ఒకటి ఈ కట్టడాల మ్యూజియంగా ఉంది. దాని స్తంభాలు కింద నుంచి కప్పు దాకా ఒకే దుంగ. నాన్న వాటిని చూసి "నిట్టాళ్లు" అన్నారు. లోపల మట్టి గోడ ఒకచోట తెరిచి ఉంటే వేలితో తడిమి, "మా తాత ఇల్లూ ఇంతేరా, తడిక మీద మట్టి" అన్నారు. జర్మనీలో ఉన్న మూడు నెలల్లో ఆయన ఇది నాది అన్నట్టు మాట్లాడింది అక్కడే.

ఏ ఊళ్లో ఏం ఉంది, నాకు ఏది నచ్చింది

బాంబెర్గ్ గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఒక్క ఊరే చూడగలిగితే నేను చెప్పేది ఇదే.

రోమ్‌లా ఏడు కొండల మీద ఊరు అంటారు. రెగ్నిట్జ్ నది మధ్యలో, వంతెనకి ఆనుకుని పాత టౌన్ హాల్ నిలబడి ఉంటుంది. బిషప్పు తన నేలలో జానెడు చోటు కూడా ఇవ్వనంటే, ఊరివాళ్లు నదిలోనే గుంజలు పాతి కట్టుకున్నారని కథ చెబుతారు. గోడల నిండా రంగుల బొమ్మలు. ఒక బొమ్మలో చిన్న దేవదూత కాలు గోడ దాటి నిజంగానే బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్తే ఆ కాలు ఎక్కడుందో వెతకమనండి.

కొండ మీద నాలుగు శిఖరాల కేథడ్రల్. చక్రవర్తి రెండో హైన్‌రిష్, ఆయన భార్య కూనిగుండే సమాధి అక్కడే ఉంది, దాని మీద శిల్పం టిల్‌మాన్ రీమెన్‌ష్నైడర్ చెక్కింది. రెండో క్లెమెంట్ పోపు సమాధి కూడా ఇక్కడే ఉంది. జర్మనీలో ఉన్న పోపు సమాధి ఇదొక్కటే. స్తంభానికి ఆనుకుని గుర్రం మీద కూర్చున్న యువకుడి శిల్పం ఒకటుంది, పదమూడో శతాబ్దానిది. ఎవరతను అన్నది ఇప్పటికీ తేలలేదు. పక్కనే రాజభవనం గులాబీ తోట, జూన్‌లో వెళ్తే పూల మీదుగా ఊరంతా ఎర్ర పెంకుల కప్పులు కనిపిస్తాయి.

ఇవన్నీ గైడుల్లో ఉండేవే. నాకు ఈ ఊరు నచ్చడానికి అసలు కారణం స్టేషన్ వైపు ఉన్న తోటమాలుల పేట. వీధిలోంచి చూస్తే వరస ఇళ్లే. ఒక గేటు తెరిచి ఉంటే లోపలికి చూడండి, ఊరి నడిమధ్యలో ఎకరాల కొద్దీ కూరగాయల మళ్లు! ఉల్లి, బంగాళాదుంప, ఒకప్పుడు అతిమధురం కూడా పండించి దూరదేశాలకు పంపేవాళ్లు. ఆ అతిమధురం సాగును ఈమధ్య మళ్లీ మొదలుపెట్టారు. దగ్గు వస్తే అతిమధురం వేరు నమలమనే ఇంట్లో పుట్టిన మనిషి అమ్మ. ఇక్కడా అదే వేరు అని చెప్తే నమ్మలేదు, వాసన చూశాక నమ్మింది. యునెస్కో గుర్తింపు ఈ తోటలకి కూడా కలిపే ఇచ్చారు.

బీరు తాగే అలవాటున్నవాళ్లకి ఇక్కడి పొగ బీరు ఉంది. మొలకెత్తిన బార్లీని బీచ్ కట్టెల పొగ మీద ఆరబెడతారు కాబట్టి మొదటి గుక్కకి కట్టెల పొయ్యి వాసన వస్తుంది. కొందరికి నచ్చదు, ఒక్క గ్లాసు తీసుకుని పంచుకోండి.

రేగెన్స్‌బుర్గ్ డ్యాన్యూబ్ నది ఒడ్డున ఉంది. రోమన్లు క్రీ.శ. 179లో కట్టిన సైనిక స్థావరం గేటు రాళ్లు ఇప్పటికీ ఒక తెల్ల గోడలో ఇమిడి కనిపిస్తాయి. నల్లబడ్డ పెద్ద పెద్ద దిమ్మెలు, సున్నం కొట్టిన గోడ మధ్యలో. 1135లో మొదలుపెట్టిన రాతి వంతెన మూడు వందల మీటర్ల పైచిలుకు పొడవుంటుంది. వెనక్కి వెళ్లే జర్మన్ సైన్యమే 1945లో దాని కమానులు కొన్ని పేల్చేసింది, తర్వాత మళ్లీ కట్టారు. ఇప్పుడు దాని మీద వాహనాలు పోవు, నడిచేవాళ్లకీ సైకిళ్లకే. 1663 నుంచి 1806 దాకా జర్మన్ రాజ్యాల సభ ఈ ఊళ్లోనే కూర్చుంది. జర్మన్‌లో పనిని వాయిదా వేయడాన్ని "పొడవాటి బల్ల మీదికి తోయడం" అంటారు. ఆ మాట ఇక్కడి సభ బల్లల నుంచే వచ్చిందని గైడ్లు చెబుతారు. గ్రహాల కదలికల నియమాలు చెప్పిన కెప్లర్ 1630లో చనిపోయింది ఈ ఊళ్లోనే, ఆ ఇల్లు మ్యూజియం అయింది. యూనివర్సిటీ పిల్లలు ఎక్కువ కాబట్టి సాయంత్రాలు వంతెన మీద, ఒడ్డున సందడి ఉంటుంది. జనం ఉండాలి కానీ తొక్కిడి ఉండకూడదు అనుకునేవాళ్లకి చాలా బాగుంటుంది.

న్యూరెంబర్గ్‌కి అందం కోసం వెళ్లకండి, చరిత్ర కోసం వెళ్లండి. నాజీల సభా మైదానాలు, 1945 నవంబరు 20న వాళ్ల నాయకుల మీద విచారణ మొదలైన 600వ నంబరు కోర్టు హాలు, రెండూ ఇక్కడే. జాతీయ మ్యూజియంలో 1492 ప్రాంతంలో మార్టిన్ బేహైమ్ చేయించిన భూగోళం ఉంది. ప్రపంచంలో ఇప్పుడు మిగిలిన భూమి గ్లోబుల్లో అదే పాతది. దాని మీద అమెరికా ఖండాలు లేవు. అప్పటికి ఆ వార్త యూరప్‌కి రాలేదు! ఇండియా ఎక్కడ గీశారో వెతకడానికే మేము పావుగంట నిలబడ్డాం. పెద్ద మార్కెట్‌లో చర్చి గడియారం రోజూ మధ్యాహ్నం పన్నెండుకి తెరుచుకుని ఏడుగురు రాకుమారులు చక్రవర్తి చుట్టూ తిరుగుతారు, అందరూ ఫోన్లు పైకెత్తి తీసుకుంటారు. ఆ చర్చి నిలబడిన చోట అంతకుముందు యూదుల ప్రార్థనాలయం ఉండేది. 1349లో వాళ్లని చంపి, దాన్ని కూల్చి, ఆ జాగా ఖాళీ చేయించారు. గడియారం చూశాక ఆ మాట కూడా పిల్లలకి చెప్పాలని నేను అనుకుంటాను.

అలాగే బాంబెర్గ్‌లో నడుస్తుంటే కాలిబాటలో అరచేతంత ఇత్తడి పలకలు కనిపిస్తాయి. ఆ ఇంట్లో ఉండి, నాజీల చేతుల్లో పోయినవాళ్ల పేరు, పుట్టిన ఏడాది, చివరికి ఏమైందీ వాటి మీద ఉంటుంది. కాస్త వంగి చదవండి. రోతెన్‌బుర్గ్‌లో చివరిగా మిగిలిన యూదు కుటుంబాల్ని 1938 అక్టోబరులోనే వెళ్లగొట్టారు, మిగతా దేశంలో దాడులు జరిగినదానికి రెండు వారాలకు పైగా ముందే. బొమ్మలా ఉన్న ఊరికి ఆ చరిత్ర కూడా ఉంది.

క్వెడ్లిన్‌బుర్గ్‌లో ఇళ్లు కాక ఇంకో విశేషం, దాన్ని ఆడవాళ్లు ఏలారు. 936లో మొదటి హైన్‌రిష్ రాజు చనిపోతే కొండ మీద ఆయన్ని పూడ్చిన చోట రాణి మటిల్డే కోరిక మీద సన్యాసినుల మఠం పెట్టారు. ఆ మఠాధిపతులు ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఊరి మీద అధికారం నడిపారు. 1754లో జర్మనీలో వైద్యంలో డాక్టరేట్ తీసుకున్న మొదటి మహిళ డొరొథేయా ఎర్క్స్‌లేబెన్ కూడా ఈ ఊరి అమ్మాయే. ఎంబీబీఎస్ చదివే ఆడపిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

మోకాళ్లు, బాత్రూమ్‌లు, భోజనం

పెద్దవాళ్లతో వెళ్తుంటే ఇదే అన్నిటికన్నా ముఖ్యం. ఈ ఊళ్లన్నిటిలో వీధులకి రాళ్లు పరిచి ఉంటాయి. చెప్పులు పనికిరావు, అమ్మావాళ్లకి మెత్తటి స్పోర్ట్స్ షూ వచ్చిన వారంలోనే కొనిచ్చి ఇంటి చుట్టుపక్కల నడిపించండి.

చదునైన ఊరు రేగెన్స్‌బుర్గ్. స్టేషన్ నుంచి పావుగంట నడిస్తే పాత ఊరు మొదలవుతుంది, ఎక్కడా గట్టి ఎక్కుడు లేదు. బాంబెర్గ్‌లో నదిదాకా చదునే, కేథడ్రల్‌కి మాత్రం కొండ ఎక్కాలి. పైకి సిటీ బస్సు ఉంది, ఎక్కేటప్పుడు బస్సు, దిగేటప్పుడు నడక పెట్టుకోండి. న్యూరెంబర్గ్ కోట దారి నిటారుగా ఉంటుంది, కానీ కోట మీదికి వెళ్లకపోయినా రోజంతా చూసేంత కింద ఉంది. క్వెడ్లిన్‌బుర్గ్ కొండ చిన్నది, రాళ్లు మాత్రం గరుకు. రోతెన్‌బుర్గ్‌లో ఊరు కొంత చదునే కానీ కోటగోడ మెట్లు ఇరుకు, నడవా కప్పు కిందికి ఉంటుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లని గోడ ఎక్కించొద్దు, వాళ్లని తోటలో కూర్చోబెట్టి మీరు ఎక్కి రండి.

పబ్లిక్ బాత్రూమ్‌లకి చాలాచోట్ల యాభై సెంట్లో, యూరోనో చిల్లర వేయాలి. జేబులో నాణేలు ఉంచుకోండి. షుగర్ మాత్రలు వేసుకునే నాన్నలకి ఇది చిన్న విషయం కాదు.

శాకాహారులకి చిన్న ఊళ్లలో కాస్త ఇబ్బందే. రోతెన్‌బుర్గ్, క్వెడ్లిన్‌బుర్గ్‌లలో చీజ్‌తో చేసే ష్పెట్‌స్లే నూడుల్స్, బంగాళాదుంప వంటకాలు, సూపు, అంతే అనుకోండి. ష్పెట్‌స్లేలో గుడ్డు ఉంటుంది. బంగాళాదుంప ఉండలు అడిగితే మాంసం రసం పోసి తెస్తారు, ముందే వద్దని చెప్పాలి. ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా తెల్ల ఆస్పరాగస్ సీజను, అప్పుడు ఏ హోటల్లో అయినా ఒక మంచి శాకాహార ప్లేటు దొరుకుతుంది. న్యూరెంబర్గ్‌లో అయితే ఇండియన్ హోటళ్లు ఉన్నాయి, టెన్షన్ లేదు. గుడ్డు కూడా తినని పెద్దవాళ్లు ఉంటే లేబ్‌కూఖెన్, రోతెన్‌బుర్గ్ ష్నేబాల్ లాంటి తీపి పదార్థాలు అడిగి తీసుకోండి, గుడ్డు ఉంటుంది. మేమైతే బాంబెర్గ్‌కి పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లాం. నది ఒడ్డున బెంచీ మీద, ఎదురుగా పాత జాలరుల ఇళ్లు చూస్తూ తిన్నాం. ఆ ట్రిప్పులో ఏ హోటల్ భోజనమూ దానికి సాటి రాలేదు.

రైళ్లు, టికెట్లు, ఏ నెల

బవేరియా లోపల తిరిగేటప్పుడు అమ్మానాన్నకి బయర్న్ టికెట్ తీసుకోండి. ఐదుగురి దాకా ఒకే టికెట్ మీద రోజంతా రీజనల్ రైళ్లలో వెళ్లొచ్చు. మామూలు రోజుల్లో పొద్దున తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని, ఆదివారాల్లో ఆ నిబంధన లేదు. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే అది మీ ఒక్కరికే, దాని మీద అమ్మానాన్నని తీసుకెళ్లడం కుదరదు. 2023లో నెలకి 49 యూరోలతో మొదలైన ఆ టికెట్ 2026 జనవరి నుంచి 63 అయింది. వాళ్లు మూడు నెలలు ఉండి తరచూ తిరుగుతారనుకుంటేనే వాళ్లకీ తీసుకోండి. అది నెలనెలా ఆటోమేటిక్‌గా సాగే చందా, ఆపాలంటే ముందే రద్దు చేయాలి, మర్చిపోకండి. రెండు టికెట్లూ దూరాలకి వేగంగా వెళ్లే ఐసీఈ రైళ్లకు చెల్లవు.

న్యూరెంబర్గ్ నుంచి బాంబెర్గ్‌కీ రేగెన్స్‌బుర్గ్‌కీ నేరుగా గంట లోపో, గంటకి కాస్త అటూ ఇటుగానో రీజనల్ రైలులో వెళ్లొచ్చు. రోతెన్‌బుర్గ్‌కి స్టైనాఖ్ అనే చిన్న స్టేషన్లో దిగి ఇంకో చిన్న రైలు ఎక్కాలి, అక్కడి నుంచి పావుగంట. ముందు రైలు ఆలస్యమైతే అక్కడ కూర్చోవాల్సిందే, అందుకే చివరి రైలు మీద ఆశ పెట్టుకోవద్దు. క్వెడ్లిన్‌బుర్గ్‌కి మాగ్డెబుర్గ్ నుంచి గంటంబావు దాకా పడుతుంది.

కారు ఉన్నవాళ్లకి మాత్రం ఇంకో సలహా ఇస్తాను. రోతెన్‌బుర్గ్ దారిలోనే దక్షిణంగా డింకెల్స్‌బ్యూల్, నోర్డ్‌లింగెన్ ఉన్నాయి. రెండింటికీ చుట్టూ గోడలున్నాయి, జనం తక్కువ. నోర్డ్‌లింగెన్ కోటి యాభై లక్షల ఏళ్ల కిందట ఉల్క పడి ఏర్పడిన గుంటలో ఉంది. కారు ఉంటే వీటిని వదులుకోకండి.

నెల విషయానికొస్తే మే, జూన్, సెప్టెంబర్ నాకు ఇష్టం. డిసెంబర్‌లో క్రిస్మస్ మార్కెట్ల కోసం న్యూరెంబర్గ్‌కి వస్తామంటే రండి, కానీ వారాంతాల్లో కాకుండా మంగళ, బుధవారాల్లో రండి. తూర్పు వైపు ఉన్నవాళ్లు క్రిస్మస్‌కి ముందు వచ్చే అడ్వెంట్ వారాంతాల్లో క్వెడ్లిన్‌బుర్గ్ వెళ్లండి. ఇళ్ల వెనక పెరళ్లు తెరిచి అక్కడే చిన్న చిన్న అంగళ్లు పెడతారు, మామూలు రోజుల్లో చూడలేని లోపలి వైపు కనిపిస్తుంది. నాలుగున్నరకే చీకటి పడుతుంది, చలి ఎముకల్లోకి దిగుతుంది, గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చిన పెద్దవాళ్లకి రెండు గంటలకి మించి బయట తిప్పకండి. ఆదివారం షాపులు ఉండవు, నీళ్లూ మందులూ శనివారమే కొనిపెట్టుకోండి.

మరి మీరు ఎక్కడికి వెళ్లాలి

ఒక్క రోజే ఉంది, సాయంత్రానికి తిరిగి రావాలి, పెద్దవాళ్లు ఉన్నారు: బాంబెర్గ్. మ్యూనిక్ వైపు నుంచి వస్తుంటే, లేదా అమ్మకి కొండ ఎక్కడం అసలు కుదరదంటే రేగెన్స్‌బుర్గ్. ఈ రెండింటికీ రోజు ట్రిప్పు సరిపోతుంది, ఎందుకంటే టూరిస్టులు లేకపోయినా బతికే ఊళ్లు ఇవి. మధ్యాహ్నం రెండింటికి కూడా అక్కడివాళ్లు కూరగాయలు కొనుక్కుంటూ, బ్యాంకు పని చూసుకుంటూ కనిపిస్తారు.

రోతెన్‌బుర్గ్‌కి రోజు ట్రిప్పు వద్దు. ఫోటోల్లో చూసి పిల్లలు పట్టుబడితే రాత్రి బస పెట్టుకునే వెళ్లండి. సాయంత్రం నాలుగింటికి చేరి, రాత్రి నల్ల కోటు, లాంతరు పట్టుకుని వచ్చే కాపలావాడి నడకలో కలవండి, పొద్దున ఎనిమిదికి గోడ మీద నడవండి, పదింటికల్లా రైలెక్కేయండి. గది ఖర్చు ఎక్కువనిపిస్తే ఆ డబ్బుతో బాంబెర్గ్ రెండుసార్లు వెళ్లి రావచ్చు.

న్యూరెంబర్గ్ పదో తరగతి దాటిన పిల్లలకీ, చరిత్ర చదివే నాన్నలకీ. ఏడెనిమిదేళ్ల పిల్లలతో కోర్టు హాలుకి వెళ్లకండి, వాళ్లకి విసుగు, మీకు అసహనం. లైప్‌జిగ్, బెర్లిన్, మాగ్డెబుర్గ్‌లో ఉండి బవేరియా దాకా రాలేనివాళ్లు బాధపడాల్సిన పనే లేదు, క్వెడ్లిన్‌బుర్గ్ మీకు దగ్గర. అక్కడి నుంచే హార్జ్ కొండల్లోకి మీటర్ గేజ్ రైలు కూడా వెళ్తుంది, కొన్ని రోజుల్లో ఆవిరి ఇంజనుతో. చిన్నప్పుడు బొగ్గు బండి ఎక్కిన నాన్నలకి ఆ కూత వినిపించండి.

రాత్రి ఉండేట్టయితే గది బుక్ చేసేముందు ఒక్క మాట హోటల్‌కి ఫోన్ చేసి అడగండి: లిఫ్ట్ ఉందా అని. నాలుగు వందల ఏళ్ల ఇంట్లో గది అంటే వినడానికి బాగుంటుంది, కానీ మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉంటాయి. మాకు రెండో అంతస్తు ఇచ్చారు. నేను అడగ్గానే కింది గదికి మార్చారు, ఆ గది కిటికీ సరిగ్గా ఆ పూల కుండీల సందులోకే తెరుచుకుంది.